స్కేళ్లు వచ్చాయి, బాణీ రావడం లేదు: జాజ్ గిటార్‌లో పాటలాంటి సోలో కోసం మార్గదర్శి

హైదరాబాద్‌లో గిటార్ పట్టినవారు జాజ్ దాకా వచ్చే దారి దాదాపు ఒకటే. మొదట సినిమా పాటల కార్డులు, ఆపైన రాక్ పాటలు, పెంటటానిక్ స్కేలు, ఆ తర్వాత ఏదో వీడియోలో విన్న డోరియన్, మిక్సొలీడియన్ పేర్లు. అక్కడి నుంచి స్కేళ్ల సాధన మొదలవుతుంది. కొన్నాళ్లకు వేళ్లు గిటార్ మెడ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగులు తీస్తాయి. బ్యాకింగ్ ట్రాక్ ఆగాక, ఇప్పుడు వాయించినదాంట్లో ఒక్క ముక్క పాడి వినిపించమంటే మాత్రం నోరు పెగలదు. వాయించినవారికే గుర్తులేనిది విన్నవారికి ఎందుకు గుర్తుంటుంది?

ఈ వ్యాసం ఆ దశలో ఉన్నవారికి. బారె కార్డులు, మేజర్ స్కేలు రెండు చోట్లయినా వచ్చి ఉంటే చాలు. సరిగమలు కాస్త తెలిస్తే ఇంకా మంచిది. రామకోటిలోని త్యాగరాజ సంగీత నృత్య కళాశాలలోనో, వీధి చివర టీచరుగారి ఇంట్లోనో చిన్నప్పుడు గీతాల వరకు నేర్చుకుని వదిలేసినవారు ఈ ఊళ్లో బోలెడంతమంది. ఆ పాత విద్య ఇక్కడ బాగా అక్కరకు వస్తుంది.

ముందు జబ్బేమిటో చెప్పుకుందాం. మన చెవికి బాణీ తెలియక కాదు. మనం పెరిగిందే బాణీల మధ్య. కాకపోతే మన సంగీతంలో షడ్జం కదలదు. తంబూరా మీద శ్రుతి ఒకసారి నిలిచిందంటే రాగం ఎంత దూరం విహరించినా ఆ షడ్జానికే తిరిగి వస్తుంది. సినిమా పాటల్లో కార్డులు మారుతున్నా, వాటిని కూడా మనం ఒకే శ్రుతి మీద వింటాం. జాజ్‌లో బార్‌కో (అంటే నాలుగు దెబ్బల ఖండానికో) కార్డ్, కొన్నిచోట్ల బార్‌కు రెండు కార్డులు మారతాయి. మారిన ప్రతిసారీ ఏ స్వరం మీద నిలిస్తే హాయిగా ఉంటుందో అదీ మారుతుంది. మనం మాత్రం పాత షడ్జాన్నే పట్టుకుని ఉంటాం. స్వరాలన్నీ స్కేల్లోవే, ఒక్కటీ అపస్వరం కాదు. నిలిచే చోట్లే పొసగవు. అందుకే సోలో ఎటూ చేరకుండా తిరుగుతున్నట్టు వినిపిస్తుంది. కింది అడుగుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

మొదటి అడుగు: ఒక్క పాట, గిటార్ లేకుండా

పది పాటలు మొదలుపెట్టకండి. ఒకటి తీసుకోండి. నేనైతే ‘ఆటమ్ లీవ్స్’ తీసుకోమంటాను. జోసెఫ్ కోస్మా 1945లో కట్టిన బాణీ అది. జాజ్ నేర్చుకునేవారంతా దీంతోనే మొదలుపెడతారని కొందరు చిన్నచూపు చూస్తారు. అందరూ దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది, ఇప్పుడే చూస్తారు.

ముందు బాణీని నోటితో పాడండి. సాహిత్యం లేకపోతే తానననా అనుకోండి. నాగోలు నుంచి రాయదుర్గం దాకా రోజూ మెట్రోలో వెళ్లేవారికి ఇంతకంటే మంచి సాధన సమయం దొరకదు. చెవిలో పాట, గొంతులో కూనిరాగం, పక్కవారికి వినపడనంత మెల్లగా. ఎక్కడా తడుముకోకుండా మొత్తం పాడగలిగేదాకా గిటార్ ముట్టుకోవద్దు. శాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ పాట సాహిత్యం తెలుసుకుని వాయించాలని పట్టుబట్టేవాడు. ఆయన సోలోలు వింటే మాటలు పలుకుతున్నట్టే ఉంటాయి.

ఇప్పుడు జి మైనర్‌లో ఈ పాట మొదటి ఎనిమిది బార్ల కార్డులు చూడండి: సి మైనర్ 7, ఎఫ్ 7, బి ఫ్లాట్ మేజర్ 7, ఇ ఫ్లాట్ మేజర్ 7, ఎ మైనర్ 7 ఫ్లాట్ 5, డి 7, ఆఖరి రెండు బార్లు జి మైనర్. బాణీలో ప్రతి ముక్కా మూడు చిన్న స్వరాలతో పైకి వెళ్లి ఒక పొడవైన స్వరం మీద ఆగుతుంది. ఆ ఆగే స్వరాలు వరుసగా ఇ ఫ్లాట్, డి, సి, బి ఫ్లాట్. అంటే మెట్లు దిగినట్టు ఒక్కో స్వరం కిందికి వస్తున్నాయి. కార్డు పేరులోని స్వరాన్ని స అనుకుని, అవి కింద మోగుతున్న కార్డుకు ఏమవుతాయో లెక్కపెట్టండి. సి మైనర్‌కు ఇ ఫ్లాట్ గాంధారం. బి ఫ్లాట్‌కు డి గాంధారం. ఎ మైనర్‌కు సి గాంధారం. జి మైనర్‌కు బి ఫ్లాట్ గాంధారం. కోస్మా ఆగిన ప్రతిచోటా ఆ క్షణం మోగుతున్న కార్డు గాంధారం మీదే ఆగాడు. బాణీ ఎందుకంత సులువుగా మనసుకు పడుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు.

రెండో అడుగు: షడ్జాన్ని కదలనివ్వడం

జాజ్ పాటల్లో మళ్లీ మళ్లీ వచ్చే మూడు కార్డుల వరుస ఒకటుంది. సి మేజర్‌లో అయితే డి మైనర్ 7, జి 7, సి మేజర్ 7. రెండు, అయిదు, ఒకటి అంటారు. స్కేళ్ల పాఠం చెప్పేవారు డి మైనర్‌కు డోరియన్, జి 7కు మిక్సొలీడియన్, సికి మేజర్ స్కేలు అని చెబుతారు. మన పేర్లలో ఖరహరప్రియ, హరికాంభోజి, శంకరాభరణం. ఇది అచ్చంగా గ్రహభేదమే. శంకరాభరణంలో రిషభాన్ని షడ్జం చేస్తే ఖరహరప్రియ, పంచమాన్ని షడ్జం చేస్తే హరికాంభోజి వస్తుందని మనవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు.

చిక్కు ఇక్కడే వస్తుంది. మూడింటిలోనూ ఉన్నవి పియానో మీది అవే ఏడు తెల్ల మీటల స్వరాలు. కాబట్టి పేర్లు ఎన్ని మార్చినా వేళ్లు అవే ఫ్రెట్ల మీద అవే స్వరాలు వాయిస్తాయి. స్కేలు పేరు తెలిసినంత మాత్రాన ఎక్కడ ఆగాలో తెలియదు. గ్రహభేదం చేసే గాయకుడు కొత్త షడ్జాన్ని గట్టిగా నిలబెట్టి, మిగతావి దాని చుట్టూ తిప్పుతాడు. మనమూ అదే చేయాలి. షడ్జాన్ని నిలబెట్టే పని బేస్ వాయించేవారు చూసుకుంటారు కాబట్టి, మన వంతు గాంధారం, నిషాదం. ఒక కార్డు మేజరా, మైనరా, తిరిగి ఎక్కడికి వెళ్లాలనుకుంటోంది అన్నది చెప్పేవి ఈ రెండే.

డి మైనర్ 7లో సాధారణ గాంధారం (ఎఫ్), కైశికి నిషాదం (సి). జి 7లో అంతర గాంధారం (బి), కైశికి నిషాదం (ఎఫ్). సి మేజర్ 7లో అంతర గాంధారం (ఇ), కాకలి నిషాదం (బి). ఇది కంఠతా పట్టాల్సిన పని లేదు, వేళ్ల కింద చూస్తే దానంతటదే గుర్తుండిపోతుంది.

మూడో అడుగు: రెండు తీగలు, రెండు వేళ్లు

నాలుగో తీగ, మూడో తీగ, ఈ రెండే వాడండి. డి మైనర్ 7కు నాలుగో తీగ 3వ ఫ్రెట్ (ఎఫ్), మూడో తీగ 5వ ఫ్రెట్ (సి). జి 7 రాగానే నాలుగో తీగ మీది వేలు కదపకండి, మూడో తీగను 4వ ఫ్రెట్‌కు దించండి (బి). సి మేజర్ 7కు మూడో తీగను అలాగే ఉంచి నాలుగో తీగను 2వ ఫ్రెట్‌కు దించండి (ఇ). ప్రతి మార్పులో ఒక వేలు ఆగుతుంది, ఇంకొకటి ఒక్క ఫ్రెట్ దిగుతుంది. డి మైనర్ నిషాదం జి 7 గాంధారంలోకి జారింది, జి 7 నిషాదం సి గాంధారంలోకి జారింది.

ఇప్పుడు ఇదే సంగతి పాట మొదటి ఎనిమిది బార్లకు. మూడో తీగ ఫ్రెట్ ముందు, నాలుగో తీగ ఫ్రెట్ తర్వాత రాస్తున్నాను:

సి మైనర్ 7: 8, 8
ఎఫ్ 7: 8, 7
బి ఫ్లాట్ మేజర్ 7: 7, 7
ఇ ఫ్లాట్ మేజర్ 7: 7, 5
ఎ మైనర్ 7 ఫ్లాట్ 5: 5, 5
డి 7: 5, 4
జి మైనర్ 7: 3, 3

మెల్లగా వాయించి చూడండి. ఈ రెండు తీగల మీదే పాట మొత్తం వినిపిస్తుంది. మూడో తీగ మీద ఇ ఫ్లాట్, డి, సి, బి ఫ్లాట్ దిగుతున్నాయి కదా, అవే బాణీలోని పొడవైన స్వరాలు. ఈ పాటతోనే మొదలుపెట్టమన్నది ఇందుకే.

ఈ వరుసను ఫోనులో రికార్డు చేసుకోండి, నిమిషానికి 60 దెబ్బల వేగంతో, నాలుగైదు చుట్లు. ఇకనుంచి మీ బ్యాకింగ్ ట్రాక్ ఇదే. అంతర్జాలంలో దొరికే ట్రాకుల్లో పియానో, డ్రమ్స్, బేస్ అన్నీ నిండుగా ఉంటాయి. వాటి మీద ఏం వాయించినా బాగున్నట్టే అనిపిస్తుంది. అదే వాటితో వచ్చే చిక్కు. రెండు తీగల ట్రాకు మీద మీరు వాయించేది బాగుంటే బాగుందని, లేకపోతే లేదని తేలిపోతుంది.

ఆ రికార్డింగు మీద ఒక్కో కార్డుకు ఒక్క స్వరం వాయించండి, అదీ గాంధారమే. మరుసటి చుట్టులో నిషాదం. ఆ తర్వాత కలిపి, మీ ఇష్టం. చాలామందికి ఇది చిన్నపిల్లల పనిలా అనిపించి రెండు రోజుల్లో వదిలేస్తారు. నా దృష్టిలో ఈ వ్యాసం మొత్తంలో వదలకూడనిది ఇదొక్కటే. గాంధారం ఎక్కడుందో వెతుక్కోకుండా వేలు దాని మీద పడే దాకా చేయాలి.

నాలుగో అడుగు: ప మ గ

ఇక చిన్న మాట కలుపుదాం. ప్రతి కార్డులోనూ ఆ కార్డు షడ్జాన్ని సగా అనుకుని ప మ గ పాడండి. డి మైనర్ మీద ఎ జి ఎఫ్. జి 7 మీద డి సి బి. సి మేజర్ మీద జి ఎఫ్ ఇ. గొంతు మూడుసార్లూ ప మ గ అనే అంటుంది, షడ్జం మాత్రం కార్డుతోపాటు కదిలిపోతుంది. సరిగమలు నేర్చుకున్నవారికి మొదట్లో ఇది తల తిరిగినట్టు ఉంటుంది, ఎందుకంటే ఇన్నేళ్లుగా స అంటే ఒకే చోటు. నాలుగు రోజులు ఓపిక పడితే చెవి ఒప్పుకుంటుంది. అప్పుడు వినిపించేది కూడా గమనించండి: ఒకే ఆకారం, మూడు ఎత్తుల్లో, ప్రతిసారీ సరైన చోట ఆగుతోంది. ఇది అప్పుడే బాణీ అయిపోయింది.

పాట మీద ఇదే చేసేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. ఇ ఫ్లాట్ మేజర్ 7 దగ్గర పాట స్వరాల ప్రకారం ప్రతిమధ్యమం వస్తుంది, కాబట్టి బి ఫ్లాట్, ఎ, జి. మేచకల్యాణి ఛాయ. ఎ మైనర్ 7 ఫ్లాట్ 5లో పంచమమే ఒక ఫ్రెట్ కిందికి దిగి ఉంటుంది. మన పద్ధతిలో పంచమం ఎటూ కదలదు కాబట్టి దాన్ని ప్రతిమధ్యమం అనాల్సి వస్తుంది. పేరు గురించి బెంగపెట్టుకోకుండా ఇ ఫ్లాట్, డి, సి అని వాయించండి.

ఇంకో సంగతి, రాగాలు తెలిసినవారికి సరదాగా ఉంటుంది. ఈ పాట ఎక్కువగా నటభైరవి స్వరాల్లో నడుస్తుంది. డి 7 మీద మాత్రం బాణీ డి, ఇ, ఎఫ్ షార్ప్ అని ఎక్కి బి ఫ్లాట్ మీద వాలుతుంది. ఆ ఇ, ఎఫ్ షార్ప్ స్వరాలతో గౌరీమనోహరి తొంగి చూసి వెళ్లిపోతుంది. ఒకే రాగంలో ఉండాలన్న నియమం ఇక్కడ లేదు.

అయిదో అడుగు: గొంతు ముందు, వేళ్లు తర్వాత

మాదాపూర్‌లో ఉద్యోగం చేసే కుర్రాడొకడు వారాంతాల్లో తార్నాకలో నా దగ్గరికి వచ్చేవాడు. చేయి చాలా వేగం. ఒకరోజు సోలో మధ్యలో ఆపించి గిటార్ పక్కన పెట్టమన్నాను.

“ఇప్పుడు ఆ నాలుగు బార్లూ పాడు.”

“సార్, నాకు పాడటం రాదు.”

“పాడొద్దు, కూనిరాగం తీయి. స్నానాల గదిలో తీస్తావే, అలా.”

మొహమాటపడుతూనే తీశాడు. మొదటి బార్‌లో ఏమీ లేదు, వింటూ ఊరుకున్నాడు. రెండో బార్ చివర్లో మూడు స్వరాలు ఎక్కి, మూడో బార్ మొదట్లో డి మీద ఆగి, కాస్త ఊగి, కిందికి జారాడు. అంతే. అరగంటగా వాయించినదంతా ఒకెత్తు, ఆ నాలుగు బార్లు ఒకెత్తు. “ఇదే వాయించు” అన్నాను. డి ఎక్కడుందో వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. మూడో తీగ 7వ ఫ్రెట్ మీద దొరికాక, ఇది ఇంత సులువా అన్నట్టు నా వైపు చూశాడు.

అతనికి బాణీ రాక కాదు, గొంతులో ఉన్నదానికీ వేళ్లకూ మధ్య దారి పడలేదు. ఆ దారి వేసే సాధన ఇలా చేయండి. రెండు తీగల రికార్డింగు పెట్టి రెండు బార్లు పాడండి, ఆ పాడినదాన్నే తర్వాతి రెండు బార్లలో వాయించండి. దొరకకపోతే ఆపి, వెతికి, దొరికాక మళ్లీ. కొన్ని వారాలకు పాడటం, వాయించడం ఒకేసారి జరుగుతాయి. జార్జ్ బెన్సన్ తన సోలోలను గిటార్‌తోపాటు గొంతుతో పాడుతూ వాయించడం వినే ఉంటారు. ఆయన స్థాయి మనకు రాకపోవచ్చు, పద్ధతి మాత్రం అదే.

అపార్ట్‌మెంట్ గోడలు పలచన, పక్కింటివారు ఏమనుకుంటారో అంటారు కొందరు. పెదవులు మూసి మూలిగినా సరిపోతుంది. గొంతు బాగుండాల్సిన పని లేదు.

ఆరో అడుగు: ఊపిరి

గిటార్ వాయించడానికి ఊపిరి అవసరం లేదు, అదే మన శాపం. ట్రంపెట్, శాక్సఫోన్ వాయించేవారు ఊపిరి అయిపోయిన చోట ఆగక తప్పదు. వారి వాక్యాలకు మొదలూ చివరా ఉంటాయి. గిటార్ మీద ఆగకుండా గంట వాయించవచ్చు, మనవాళ్లు వాయిస్తారు కూడా.

కాబట్టి దొంగ ఊపిరి పెట్టుకోండి. వాయించేటప్పుడు నోటితో గాలి వదులుతూ ఉండండి. గాలి అయిపోగానే చేయి ఆగాలి. మళ్లీ పీల్చుకున్నాకే మొదలు. దీంతోపాటు రెండు బార్లు వాయించి రెండు బార్లు ఊరుకునే సాధన చేయండి. ఊరుకున్న రెండు బార్లలో కార్డుల కదలిక వినండి, తర్వాత ఏం చెప్పాలో అది చెబుతుంది. ట్రంపెట్ మీదైనా గొంతుతోనైనా చెట్ బేకర్ ఎన్ని చోట్ల ఆగుతాడో గమనించండి.

వాక్యం ఎప్పుడూ బార్ మొదటి దెబ్బ మీదే మొదలుకాకూడదు. రెండో దెబ్బ తర్వాత మొదలుపెట్టి చూడండి, లేదా కార్డు మారడానికి అర దెబ్బ ముందే గాంధారాన్ని చేరుకోండి. జాజ్‌కు ఆ ముందుకు వాలిన నడక చాలావరకు ఇక్కడినుంచే వస్తుంది.

ఏడో అడుగు: నడక

నిజానికి ఇది మొదట్లోనే రావాల్సింది, కానీ స్వరాలు కుదరకముందు లయ గురించి చెబితే ఎవరూ వినరు. మనలో చాలామంది చతురశ్ర నడకలో పెరిగాం. దెబ్బను సరిగ్గా రెండు సగాలుగా చీల్చి వాయిస్తాం. జాజ్ స్వింగ్‌లో ఆ రెండు సగాలు సమానం కావు. తిశ్రంలో తకిట అనుకుని తకి కలిపి పొడవుగా, చివరి ట విడిగా పొట్టిగా పలికితే దాదాపు అదే. వేగం పెరిగేకొద్దీ రెండూ దాదాపు సమానమైపోతాయి, అందుకని లెక్కతో కాకుండా వింటూ పట్టుకోవాలి.

మెట్రొనోమ్‌ను 60 మీద పెట్టి ఆ దెబ్బలను రెండు, నాలుగుగా లెక్కపెట్టండి. అంటే అసలు వేగం 120 అవుతుంది, ఒకటి, మూడు మీరే మోయాలి. దీని మీద ఒకే ఒక్క స్వరంతో, స్వరం మార్చకుండా, ఒక చుట్టు పూర్తిగా సోలో వాయించండి. లయ ఒక్కటే మీ దగ్గర ఉంది. అది పదిమందికి వినిపించదగ్గట్టుగా ఉందంటే, దానికి ఏ స్వరాలు తొడిగినా నిలుస్తుంది.

ఎనిమిదో అడుగు: చుట్టుముట్టే స్వరాలు

స్కేల్లో లేని స్వరాలు జాజ్‌కు ఆ ఘాటు ఇస్తాయి. కానీ పప్పులో ఇంగువలా, చిటికెడు మాత్రమే. అన్నిటికంటే పనికొచ్చే పద్ధతి ఒకటి: చేరాల్సిన స్వరానికి ఒక ఫ్రెట్ పైన, ఒక ఫ్రెట్ కింద, ఆ తర్వాత అసలు స్వరం.

డి మైనర్, జి 7, సి వరుసలో సి గాంధారం ఇ అనుకుందాం. జి 7 బార్ నాలుగో దెబ్బలో నాలుగో తీగ 3వ ఫ్రెట్ (ఎఫ్), 1వ ఫ్రెట్ (డి షార్ప్) వాయించి, సి మేజర్ మొదటి దెబ్బ మీద 2వ ఫ్రెట్‌కు (ఇ) రండి. అలాగే జి 7 గాంధారం బి కోసం మూడో తీగ మీద 5, 3, 4. డి షార్ప్, బి ఫ్లాట్ రెండూ స్కేల్లో లేవు. అయినా చెవికి గుచ్చుకోవు, ఎందుకంటే వాటి వెంటే ఇల్లు వచ్చేసింది. బయటి స్వరం ఎప్పుడూ పొట్టిగా, దెబ్బల మధ్యలో ఉండాలి. గమ్యం దెబ్బ మీద ఉండాలి. ఈ రెండూ తారుమారైతే అపస్వరమే.

నాలుగు బార్లలో ఒక్కసారి వాడండి. ఈ కిటుకు వచ్చిన కొత్తలో ప్రతి స్వరాన్నీ చుట్టుముట్టాలని చేతులు తహతహలాడతాయి, కట్టేసుకోండి.

తొమ్మిదో అడుగు: ఒక్క మాటను సాగదీయడం

కచేరీలో నెరవల్ విన్నవారికి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. గాయకుడు కృతిలో ఒక్క పంక్తిని పట్టుకుని, మాటలను తాళంలో వాటి చోట్ల నుంచి ఎక్కువగా కదపకుండా, బాణీని మాత్రం రకరకాలుగా మారుస్తాడు. జాజ్‌లో పాట బాణీని ఆధారంగా పెట్టుకుని వాయించడం దీనికి చాలా దగ్గర. కాబట్టి మొదటి సోలో చుట్టును పూర్తిగా పాట బాణీ మీదే కట్టండి. పొడవైన స్వరాలను వాటి చోట్లలోనే ఉంచి, వాటి ముందొచ్చే మూడు చిన్న స్వరాలను మార్చండి. ఒకసారి పైనుంచి దిగండి, ఒకసారి ఆలస్యంగా రండి, ఒకసారి పూర్తిగా వదిలేయండి.

రెండో చుట్టులో సొంత ముక్క. మూడు, నాలుగు స్వరాలకు మించకూడదు. లయ స్పష్టంగా ఉండాలి. దాన్ని మొదట వినిపించి, తర్వాతి కార్డు మీద అదే లయతో ఆ కార్డు స్వరాలకు తగ్గట్టు సవరించి మళ్లీ వినిపించండి. మూడోసారి చివరను మార్చండి. నాలుగోసారి మధ్యలో తెంచండి. ఈ పద్ధతిలో శాక్సఫోన్ విద్వాంసుడు సోనీ రోలిన్స్‌ను మించినవారు అరుదు. గిటార్‌లో జిమ్ హాల్. ఆయన సోలో వింటుంటే ఒక చిన్న ఆలోచనను అటూ ఇటూ తిప్పి చూస్తున్న మనిషి కనిపిస్తాడు.

ఇక స్వరకల్పనలో ఎంత విస్తరించినా ఎడుపు (పంక్తి ఎత్తుకునే చోటు) దగ్గరికి వచ్చి పడతారు కదా. ఇక్కడా అదే పెట్టుకోండి: ఆరు బార్లు మీ ఇష్టం, ఏడో బార్‌కు బాణీలోని బి ఫ్లాట్ మీద వచ్చి వాలాలి. దారి తప్పినా తిరిగి రావడం అలవాటవుతుంది.

పదో అడుగు: పెద్దల నుంచి ఎత్తుకోవడం

ఎవరి సోలో అయినా చెవితో విని నేర్చుకోవాలి, ఈ మాట అందరూ చెబుతారు. ఎవరిది, ఎంత అన్నదే అసలు ప్రశ్న. బీబాప్ అనే జాజ్ శైలిలో వేగంగా వాయించే మహానుభావుల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. లెస్టర్ యంగ్, చెట్ బేకర్, గిటార్‌లో గ్రాంట్ గ్రీన్, చార్లీ క్రిస్టియన్ చాలు. చార్లీ క్రిస్టియన్ 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరి, 1942లో పాతికేళ్ల వయసులోనే కన్నుమూశాడు. ఆ కొద్ది కాలంలోనే, అప్పటిదాకా వెనక తాళం వేస్తున్న గిటార్ శాక్సఫోన్‌లా ముందుకొచ్చి సోలో పలికేలా చేశాడు. గ్రాంట్ గ్రీన్ ఎక్కువగా ఒక్కొక్క స్వరంగా వాయిస్తాడు, కార్డులు కలపడు, కాబట్టి చెవికి సులువు.

నాలుగు బార్లు తీసుకోండి, అంతకంటే వద్దు. వీడియో వేగాన్ని సగానికి తగ్గించి ముందు పాడండి, పాడగలిగాకే వాయించండి. ఆ తర్వాత ఆయన ఆగిన ప్రతి స్వరం దగ్గరా ఒక ప్రశ్న: కింద ఏ కార్డు, దానికి ఇది ఏ స్వరం? గాంధార నిషాదాలు ఎంత తరచుగా వస్తాయో మీకే తెలుస్తుంది. ఆపైన ఆ నాలుగు బార్లను మరో రెండు శ్రుతుల్లో వాయించి, ఆఖరున దాని లయను మాత్రం ఉంచి స్వరాలన్నీ మీవి పెట్టండి.

చేతుల సంగతి క్లుప్తంగా

బాణీని ఒకే తీగ మీద, అడ్డంగా వాయించే అలవాటు చేసుకోండి. గొంతులో ఉండే జారుడు అప్పుడు వేళ్లకు వస్తుంది. మన గమకాల్లో జారు జాజ్‌కు బాగా అతుకుతుంది. కంపితం, పెద్ద బెండింగులు మాత్రం నాకు నచ్చవు, బాణీని బ్లూస్ రాక్ వైపు లాక్కుపోతాయి. దీన్ని ఒప్పుకోనివారూ ఉన్నారు. పిక్‌ను ప్రతి స్వరానికీ కొట్టకుండా రెండు మూడు స్వరాలకు ఒకసారి కొట్టి మిగతావి ఎడమ చేతితో పలికించండి. టోన్ నాబ్ సగానికి తగ్గించండి. కొత్త గిటార్ కొనడం కోసం కోఠి, ఆబిడ్స్ వైపు పరుగెత్తాల్సిన అవసరమేమీ లేదు.

పదకొండో అడుగు: సోలోకు ఆకారం, పదిమందిలో వాయించడం

వెస్ మాంట్‌గోమరీ బొటనవేలితో వాయించేవాడు, పిక్ లేకుండా. ఆయన సోలో కట్టే క్రమం ప్రసిద్ధం: ముందు ఒంటి స్వరాలు, తర్వాత ఆక్టేవులు (ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి), ఆఖరున కార్డులు. అది అలాగే అనుకరించనక్కర్లేదు గానీ, మూడు చుట్ల సోలోకు చిన్న ప్రణాళిక ఉండాలి. మొదటి చుట్టు మధ్య తీగల మీద, పాట బాణీకి దగ్గరగా. రెండో చుట్టులో మీ ముక్క, కాస్త ఎక్కువ స్వరాలు. మూడో చుట్టు మధ్యలో ఎక్కడో అన్నిటికంటే పై స్వరం, అదీ ఒక్కసారే. ఆ తర్వాత తగ్గించుకుంటూ బాణీలోకి.

ఇంట్లో ప్రతి సోలోనూ ఫోనులో రికార్డు చేసి మరునాడు వినండి. విన్నాక పాడగలిగిన చోట్లు ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. పాడలేనివి వదిలేయండి, వాటి గురించి బాధపడి లాభం లేదు.

జాజ్ బృందాలు ఈ ఊళ్లో తక్కువే, అయినా తోడు దొరకకపోదు. బేస్ వాయించే ఒక్క స్నేహితుడు ఉంటే చాలు, డ్రమ్స్ లేకపోయినా పరవాలేదు. బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి చోట్ల వేదిక ఇచ్చే రోజులు ఉంటాయి, అక్కడ మొదటిసారి ఎక్కేటప్పుడు ఒక్క పాట, ఒక్క చుట్టు సోలో పెట్టుకోండి. ఎక్కేముందు మీ బేస్ స్నేహితుడితో మూడు సంగతులు మాట్లాడుకోండి: ఎవరు లెక్కపెట్టి మొదలుపెడతారు, మీ సోలో తర్వాత బాణీకి తిరిగి వచ్చే సైగ ఏమిటి, ఆఖరి నాలుగు బార్లు ఎన్నిసార్లు తిప్పాలి. వేదిక మీద దారి తప్పితే వేళ్లు ఆపి బేస్ వినండి. తర్వాతి కార్డు గాంధారం దొరకగానే దాని మీద ఆగి, అక్కడినుంచి మళ్లీ మొదలుపెట్టండి.